1980–89 తెలుగు సినిమాల్లో నాకు బాగా నచ్చినవి: ప్రొజెక్టరు గదిలోంచి చూసినవాడి జాబితా

రాజాం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. 1980 నుంచి 1989 దాకా వచ్చిన తెలుగు సినిమాలంత గొప్పవి మళ్ళీ రాలేదని వాళ్ళ నాన్నగారు అంటారట. తాను ఒకటి రెండు చూస్తే సాగదీసినట్టు అనిపించాయట. ఆ పదేళ్ళలో మీకు బాగా నచ్చిన సినిమాలు ఏవి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడుగుతున్నారు.

ముందు సూటిగా చెబుతాను. ఒక్క సినిమానే ఎంచుకోమంటే నాది 'ఆకలి రాజ్యం' (1981). దాని వెనకే 'సాగర సంగమం' (1983). ఆ తర్వాత వరుసతో పని లేకుండా 'శంకరాభరణం', 'మేఘసందేశం', 'సితార', 'అహ నా పెళ్ళంట', 'కళ్ళు', 'రుద్రవీణ', 'గీతాంజలి', 'శివ'. అయితే మీరు నా ఇష్టం వరుసలో చూడకండి. 'అహ నా పెళ్ళంట'తో మొదలుపెట్టండి, తర్వాత 'శివ', ఆ తర్వాత 'ఆకలి రాజ్యం'. 'శంకరాభరణం', 'మేఘసందేశం' చివరికి ఉంచుకోండి. చాలామంది పెద్దలు పిల్లల చేతిలో మొదట 'శంకరాభరణం' పెడతారు. ఆ సినిమా మీద గౌరవంతోనే పెడతారు కానీ, ఆ కాలపు నడకకు చెవీ కన్నూ అలవాటు పడకముందే దాన్ని చూస్తే దాని విలువ సగమే తెలుస్తుంది.

నేను సినిమా విమర్శకుణ్ణి కాను. మొదట శ్రీకాకుళం జిల్లా చిన్న ఊళ్ళలో, తర్వాత విజయనగరంలో సినిమా హాళ్ళలో ప్రొజెక్టరు ఆపరేటరుగా పనిచేశాను. రీళ్ళు పోయి డిజిటల్ వచ్చేదాకా అదే నా బతుకుతెరువు. కాబట్టి నా జాబితాకు కొలమానం వేరు. ప్రేక్షకుడు సినిమాను ఒకసారి చూస్తాడు, మరీ నచ్చితే మళ్ళీ వస్తాడు. ఆపరేటరు అదే సినిమాను రోజుకు మూడు నాలుగు ఆటల చొప్పున, అది ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ చూడాలి. నచ్చినా నచ్చకపోయినా చూడాలి. మూడో రోజుకల్లా చాలా సినిమాలకు తెర వైపు చూడటం మానేస్తాం. రీలు మార్చే చుక్క కోసం మాత్రమే తలెత్తుతాం. ఆ మూడో రోజు దాటాక కూడా, చుక్క రావడానికి చాలా ముందే నన్ను కిటికీ దగ్గరికి లాక్కొచ్చిన సినిమాలే నాకు ఇష్టమైనవి.

చుక్క అంటే ఏమిటో ఈ తరానికి తెలియకపోవచ్చు. ఒక్కో రీలు సుమారు 1000 అడుగులు, తెర మీద పదకొండు నిమిషాలు. నిమిషానికి 90 అడుగుల ఫిల్ము నడుస్తుంది, అడుగుకు 16 ఫ్రేములు. 14,000 అడుగుల సినిమా అంటే రెండున్నర గంటలు దాటుతుంది. గదిలో రెండు యంత్రాలు ఉంటాయి. ఒకదాని మీద రీళ్ళు అయిపోవస్తుంటే తెర కుడి పై మూలన చిన్న చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో యంత్రం మోటారు తిప్పాలి. రెండో చుక్కకు వెలుగును దాని మీదికి మార్చాలి. ఈ పనంతా సక్రమంగా జరిగితే హాల్లో ఒక్కరికి కూడా తెలియదు. ఈ మధ్యలో యంత్రానికి వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు కాలిపోతూ ఉంటాయి, వాటి మధ్య ఎడాన్ని సరిచూస్తూ ఉండాలి, లేకపోతే తెర ఎర్రబడి మసకబారుతుంది. అంత పనిలోనూ ఒక సినిమా మనిషిని పట్టి నిలబెట్టిందంటే అందులో ఏదో ఉన్నట్టే.

ఇక "సాగదీసినట్టు ఉంది" అన్న మాట. అది తప్పు మాట కాదు, కానీ దానికి కారణం ఉంది. ఆ సినిమాలు నిండు హాలు కోసం కట్టినవి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అన్నీ నిండి, పసిపిల్లలు ఏడుస్తూ, సోడాలు అమ్ముతూ ఉండే చోట ఒక మాట అందరికీ అందాలంటే దాని చుట్టూ కాస్త జాగా ఉండాలి. నవ్వు వచ్చాక ఆ నవ్వు తగ్గేదాకా తర్వాతి మాట ఆగాలి. ఇంట్లో ఒంటరిగా ఫోనులో చూస్తే ఆ జాగాలన్నీ ఖాళీగా కనిపిస్తాయి. జంధ్యాల గారి 'అహ నా పెళ్ళంట' (1987)తో మొదలుపెట్టమన్నది ఇందుకే. ఆది విష్ణు గారి నవల 'సత్యంగారి ఇల్లు' దానికి ఆధారం. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు గారు ఒక మాట అనేసి ఆగే తీరు గమనించండి. ఎదుటివాళ్ళ ముఖాల మీద కెమెరా ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. వేలాడే కోడిని చూస్తూ అన్నం తినే ఘట్టంలో మా హాల్లో తర్వాతి నాలుగు మాటలు ఏ ఆటలోనూ వినపడలేదు. నలుగురైదుగురు కలిసి చూడండి, నిదానం అనిపించదు. ఆపాటికి ఆ కాలపు లయ మీకు పట్టుబడుతుంది.

'ఆకలి రాజ్యం' గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

కె. బాలచందర్ గారు అదే కథను తమిళంలోనూ తీశారు. తమిళంలో కథానాయకుడి నోట సుబ్రహ్మణ్య భారతి కవిత్వం పలికితే తెలుగులో శ్రీశ్రీ కవిత్వం పలుకుతుంది. ఢిల్లీలో ఉద్యోగం కోసం తిరిగే తెలుగు కుర్రవాడు, వాడి స్నేహితులు, పక్కనే నాటకాలాడి ఇంటిని పోషించే ఒక అమ్మాయి. కమల్ హాసన్, శ్రీదేవి. ఇంట్లో బియ్యం గింజ లేనప్పుడు ఆ కుర్రవాళ్ళు తలుపు వేసుకుని, భోజనం చేస్తున్నట్టు నటించే ఘట్టం ఒకటి ఉంది. వడ్డించుకునే మాటలు, మెచ్చుకోళ్ళు అన్నీ ఉంటాయి. విస్తట్లో మాత్రం ఏమీ ఉండదు. మొదట హాలు నవ్వేది. నవ్వు సగంలో ఆగిపోయేది. ఆ ఆగడాన్ని నేను పైనుంచి ప్రతి ఆటలోనూ చూశాను. ఏ ఊళ్ళో వేసినా అదే చోట ఆగేది.

ఎందుకు ఆగదు? శ్రీకాకుళం జిల్లా అంటేనే వలస. ఇళ్ళు కట్టే పనులకు హైదరాబాదు, చెన్నై. వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళే మత్స్యకారులు. డిగ్రీ కాగితాలు సంచిలో పెట్టుకుని రైలెక్కిన కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను అని ఇంటికి ఉత్తరం రాసినవాళ్ళే బెంచీల మీద కూర్చుని ఆ ఘట్టం చూశారు. నేల క్లాసులో ఈలలు వేసే కుర్రాళ్ళు ఆ సినిమాకు ఈల వేసేవారు కాదు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు.

ఆ సినిమా మాటల రచయిత గణేశ్ పాత్రో గారిది పార్వతీపురం. నాటకరంగం నుంచి వచ్చినవారు. 'కొడుకు పుట్టాల' వంటి నాటికలతో అప్పటికే పేరున్నవారు. బాలచందర్ గారి తెలుగు సినిమాల్లో మాటలు అరవం నుంచి దిగుమతి చేసుకున్నట్టు ఉండవు, తెలుగు నేల మీద పుట్టినట్టే ఉంటాయి. ఆ ఘనత పాత్రో గారిది. చిన్న వాక్యాలు. ఒక పాత్ర అన్న మాటకు మరో పాత్ర ఎదురు చెప్పేటప్పుడు పదును ఉంటుంది కానీ ఉపన్యాసం ఉండదు. ఇంకో సంగతి. కథానాయకుడి తండ్రిగా వేసినవారు జె.వి. రమణమూర్తి గారు. చివర్లో కొడుకు చేస్తున్న పనిని తండ్రి కళ్ళారా చూసే ఘట్టం ఉంది. మీరు చూడలేదు కాబట్టి ఆ పని ఏమిటో చెప్పను. అక్కడ కొడుకు మాట్లాడతాడు, తండ్రి దాదాపు మాట్లాడడు. ఆ ముఖం కోసమే నేను ఆఖరి రీలు ఎక్కించాక కిటికీ వదిలేవాణ్ణి కాదు.

రమణమూర్తి గారి అన్నగారే జె.వి. సోమయాజులు గారు. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం వాళ్ళది, పెరిగింది విజయనగరంలో. అన్నదమ్ములిద్దరూ గురజాడ వారి 'కన్యాశుల్కం' నాటకాన్ని ఊరూరా ఆడారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పంతులు. డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన సోమయాజులు గారు యాభై దాటిన వయసులో 'శంకరాభరణం' (1980)లో శంకరశాస్త్రి అయ్యారు. ఆ సినిమా మొదట్లో కొనేవాళ్ళు లేక, ఖాళీ హాళ్ళతో మొదలై, ఆ నోటా ఈ నోటా పడి నిండిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో జనరంజక చిత్రంగానే కాక, సంగీతానికి కె.వి. మహదేవన్ గారికీ, పాటకు బాలు గారికీ, వాణీ జయరాం గారికీ గుర్తింపు వచ్చింది.

విజయనగరంలో ఆ సినిమా ఆడించడం మిగతా ఊళ్ళలో ఆడించడం లాంటిది కాదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు అది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు, ఘంటసాల గారు చదువుకున్న ఊరు. అక్కడ కుర్చీ క్లాసులో కూర్చునే పెద్దవాళ్ళలో సంగతి ఎక్కడ పడిందో, తాళం ఎక్కడ జారిందో చెప్పగలిగినవాళ్ళు ఉండేవారు. మామూలుగా పాట వస్తే బీడీలకు బయటికి పోయే జనం ఉంటారు, గేటు కుర్రాడికి పాటలప్పుడే పని. ఈ సినిమాకు పాట వస్తే బయట ఉన్నవాళ్ళు లోపలికి వచ్చేవారు. శబ్దం కాస్త గరగరలాడినా కింద నుంచి కబురు వచ్చేది. ఫిల్ము మీది శబ్దాన్ని చదివే ఎక్సైటర్ దీపం తుడిచి, సౌండ్ హెడ్ శుభ్రం చేశాకే ఆట మొదలుపెట్టేవాళ్ళం. నా మీద అంత బరువు పెట్టిన సినిమా మరొకటి లేదు, ఆ బరువు నాకు ఇష్టంగా ఉండేది.

మరి అది నా జాబితాలో మొదటి స్థానంలో ఎందుకు లేదు? అందులో శంకరశాస్త్రి గారు మొదటి నుంచి చివరిదాకా సరైనవారే. లోకం ఆయన దగ్గరికి రావాలి తప్ప ఆయన మారనక్కరలేదు. ఆ మనిషి ముందు నేను చేతులు కట్టుకుని నిలబడతాను. 'సాగర సంగమం'లో కమల్ హాసన్ వేసిన నాట్యకారుడు బాలకృష్ణ పక్కన మాత్రం కూర్చోగలను. విశ్వనాథ్ గారే తీశారు. ఇక్కడి కళాకారుడికి విద్య ఉంది, బతకడం చేతకాలేదు. తాగి, పత్రికలో నాట్య విమర్శలు రాసుకుంటూ, ఒక అమ్మాయి నృత్యాన్ని తిట్టిపోస్తూ పరిచయం అవుతాడు. ఇలాంటివాడి మీద మనకు జాలి ఎందుకు కలగాలి అనుకుంటుండగానే, అదే పత్రిక కార్యాలయంలో లేచి నిలబడి ఒకే పంక్తిని వేర్వేరు నాట్య పద్ధతుల్లో ఎలా పట్టాలో చేసి చూపిస్తాడు. ఆ కాసేపట్లో ఆ మనిషి పోగొట్టుకున్నదంతా మనకు తెలిసిపోతుంది. వర్షంలో బావి గట్టు మీద నాట్యం చేసే ఘట్టానికి హాలంతా ఊపిరి బిగబట్టేది. ఎన్నో ఆటలు చూసినవాణ్ణి, పడడని తెలిసినవాణ్ణి, నేను కూడా బిగబట్టేవాణ్ణి. ఇళయరాజా గారికీ బాలు గారికీ ఈ సినిమాకు జాతీయ అవార్డులు వచ్చాయి.

అందులో స్నేహితుడు రఘుగా వేసిన శరత్‌బాబు గారిది ఆమదాలవలస. కమల్ హాసన్ అంత నటన పక్కన నిలబడి, ఏమీ చేయనట్టు కనిపిస్తూ ఘట్టాన్ని మోయడం తేలిక కాదు. రెండోసారి చూసేటప్పుడు ఆయన్నే చూడండి. బాలకృష్ణ తాగి మాట్లాడుతున్నప్పుడు రఘు ఎక్కడ చూస్తున్నాడో చూడండి. వంశీ గారి 'సితార' (1984)లోనూ ఆయన ఉన్నారు, పరువు తప్ప ఏమీ మిగలని జమీందారుగా. బొబ్బిలి, సాలూరు, కురుపాం కోటల నీడలో పెరిగినవాళ్ళకు ఆ ఇంటి తలుపులు ఎందుకు మూసుకుపోయాయో వేరే చెప్పనక్కరలేదు. ఆ సినిమాకు జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం, జానకి గారికి ఉత్తమ గాయని అవార్డులు దక్కాయి. భానుప్రియ గారి మొదటి తెలుగు సినిమా కూడా అదే. ఎం.వి. రఘు గారి కెమెరా వెన్నెలనూ గోదావరినీ పట్టిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

ఆ రఘు గారే దర్శకత్వం వహించిన సినిమా 'కళ్ళు' (1988). దీని గురించి మీ నాన్నగారు చెప్పి ఉండకపోవచ్చు. ఎక్కువ రోజులు ఆడిన సినిమా కాదు. కానీ ఈ జాబితాలో నేను గట్టిగా పట్టుబట్టేది దీనికోసమే. విజయనగరంలో పుట్టిన గొల్లపూడి మారుతీరావు గారి నాటకం దీనికి మూలం. గుడ్డి బిచ్చగాళ్ళు కొందరు కూడబెట్టిన డబ్బుతో తమలో ఒకడికి చూపు తెప్పించుకుంటారు. ఆ తర్వాత ఏమవుతుందన్నదే కథ. సంగీతం బాలు గారు, పాట రాసి స్వయంగా పాడింది సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు.

నా బాధ ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. మా ప్రాంతపు మాట తెర మీద వినపడితే అది ఇంటి పనివాడిదో, అమాయకుడిదో, నవ్వించడానికి పెట్టిన పాత్రదో అయి ఉండేది. హీరో మాట్లాడడు, నాయిక మాట్లాడదు, న్యాయం చెప్పేవాడు మాట్లాడడు. హాల్లో మావాళ్ళే దానికి నవ్వేవారు, ఆ నవ్వు నాకు గుచ్చుకునేది. ఈ సినిమాలో విశాఖ రోడ్ల మీది మనుషులు, బిచ్చమెత్తుకునేవాళ్ళు, ఈ తీరం మాటతోనే ప్రేమిస్తారు, తగువులాడతారు, మోసపోతారు, తీర్పు చెబుతారు. ఎవరినీ వెక్కిరించడానికి కాదు. వాళ్ళ భాష అది కనుక. మా హాల్లో అది నాలుగు రోజులు కూడా నిలవలేదు. అయినా ఆడినన్నాళ్ళూ నేల క్లాసులో ఎవరూ యాసకు నవ్వలేదు. నాకు అది చాలు.

'మేఘసందేశం' (1982) దాసరి గారిది. అక్కినేని, జయప్రద, జయసుధ. రమేశ్ నాయుడు గారి సంగీతం, కృష్ణశాస్త్రి గారి కవిత, జయదేవుడి అష్టపది, వేటూరి గారి పాట ఒకే సినిమాలో ఇమిడిపోయాయి. ఏసుదాసు గారికీ, సుశీల గారికీ జాతీయ అవార్డులు తెచ్చింది. సుశీల గారు విజయనగరం ఆడబిడ్డ. ఆమె పాట వచ్చినప్పుడు బాల్కనీలో ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చే నిశ్శబ్దం వేరుగా ఉండేది. కథ విషయంలో నాకు పేచీ ఉంది. ఊరి పెద్దమనిషి, ఇల్లాలు, వేరొక స్త్రీ, ఈ ముగ్గురిలో ఇల్లాలి కష్టాన్ని సినిమా మరీ తేలిగ్గా త్యాగం చేసేసింది. ఆ సంగతి మనసులో పెట్టుకునే పాటల కోసం మళ్ళీ మళ్ళీ చూస్తాను.

'రుద్రవీణ' (1988) బాలచందర్, పాత్రో గార్ల జంట నుంచే వచ్చింది. జాతీయ సమైక్యతకు ఇచ్చే నర్గీస్ దత్ అవార్డు వచ్చింది, డబ్బులు మాత్రం రాలేదు. చిరంజీవి గారి కోసం వచ్చిన కుర్రాళ్ళు ఫైట్లు లేవని విరామంలోనే వెళ్ళిపోయారు. ఉండిపోయినవాళ్ళలో మధ్యవయసు ఆడవాళ్ళు ఎక్కువ. తాగుడు మీద తీసిన ఘట్టాలను వాళ్ళు చూసిన తీరు చూశాక, 1992లో సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

1989 వేసవిలో 'గీతాంజలి', దసరా రోజుల్లో 'శివ' వచ్చాయి. ఒకే ఏడాది, ఒకే నాగార్జున, రెండింటికీ ఇళయరాజా. ఈ రెండూ మా ఆపరేటర్ల పనినే మార్చాయి. మణిరత్నం గారి 'గీతాంజలి'ని కెమెరామన్ పి.సి. శ్రీరామ్ గారు చాలా తక్కువ వెలుగులో తీశారు. మంచు, పొగ, కిటికీలోంచి పడే కాస్త కాంతి. అంతకుముందు సినిమాలకు వెలుగు కాస్త తగ్గినా సరిపోయేది. కార్బన్ ఆదా చేయమని యజమానులు చెప్పేవారు, పొట్టి ముక్కల దాకా కాల్చేవాళ్ళం. ఈ సినిమాకు అలా చేస్తే తెర మీద మనుషులే కనపడరు. ప్రేక్షకులు "లైటు, లైటు" అని అరిచేవారు. కడ్డీల పక్కనే నిలబడి ఎడం సరిచేస్తూ ఉంటే తప్ప ఆ అందం కిందికి దిగేది కాదు. మీలో ఎవరికైనా ఆ సినిమా చీకటిగా ఉండేదని జ్ఞాపకం ఉంటే, అది చాలామటుకు మీ ఊరి హాలు చీకటి.

'శివ' శబ్దం సంగతి. అప్పటిదాకా కొట్లాట అంటే తెర మీద ఎగిరి పడటాలు, స్పీకర్లలో ఒకే రకం దెబ్బల చప్పుడు. రాంగోపాల్ వర్మ గారు దెబ్బ పడేముందు ఊరుకున్నారు. కాలేజీలో సైకిలు గొలుసు లాగే ఘట్టానికి ముందు ఉన్న ఆ కాస్త నిశ్శబ్దంలో నా యంత్రం గరగర నాకే వినపడేది. మనిషి వెంట పరుగెత్తే కెమెరా, స్టెడీకామ్, మా జనానికి కొత్త. రఘువరన్ గారి భవాని గొంతు పెంచకుండా భయపెట్టాడు. ఇప్పటి సినిమాలకు అలవాటు పడిన మీ కళ్ళకు ఇది కొత్తగా అనిపించకపోవచ్చు, ఎందుకంటే తర్వాత వచ్చినవాళ్ళు దీన్నే తిరగేసి మరగేసి వాడుకున్నారు. అందుకే రెండో సినిమాగా చూడమన్నాను. మీకు తెలిసిన సినిమా ఎక్కడి నుంచి వచ్చిందో కనపడుతుంది, అక్కడి నుంచి వెనక్కి నడవడం తేలిక.

జాబితాలో లేనివాటి గురించి అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. 'ఖైదీ' (1983) హాలును ఊపేసిన సినిమా. దాని వల్ల చిరంజీవి గారు ఏమయ్యారో అందరికీ తెలుసు. టికెట్ల దగ్గర చొక్కాలు చిరిగేవి. నేను మాత్రం మూడో రోజుకు చుక్కల కోసమే చూశాను. 'బొబ్బిలి పులి' (1982) పేరు చూసి మా ఊరి కథ అనుకుని వచ్చినవాళ్ళు ఉన్నారు. కథకు 1757 నాటి బొబ్బిలి యుద్ధంతో సంబంధం లేదు, అది కావాలంటే 1986 నాటి 'తాండ్ర పాపారాయుడు' ఉంది. కానీ ఎన్టీఆర్ గారు కోర్టు బోనులో మాట్లాడే రీలుకు నేను కూడా కిటికీ దగ్గరే ఉండేవాణ్ణి. ఆ ఒక్క రీలుకే. 'ప్రతిఘటన' (1985) మ్యాట్నీకి ఆడవాళ్ళు గుంపులుగా వచ్చేవారు. టి. కృష్ణ గారి నిజాయితీ మీద నాకు అపారమైన గౌరవం. వరుసగా చూస్తే మాత్రం ఉపన్యాసం ఎక్కువ అనిపిస్తుంది. 'స్వాతిముత్యం' (1986) మన దేశం తరఫున ఆస్కార్‌కు వెళ్ళింది. మీ నాన్నగారి జాబితాలో అది తప్పక ఉంటుంది, ఉండనివ్వండి. ఆ పదేళ్ళలో వచ్చిన సినిమాల్లో ఎక్కువ భాగం మళ్ళీ చూడదగ్గవి కావు. అన్నీ గొప్పవే అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆ మాటే మంచి సినిమాలకు అన్యాయం చేస్తుంది.

ఎలా చూడాలో రెండు మాటలు. అప్పటి రంగుల ఫిల్ము ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోయి గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే కాపీల్లో కొన్ని అలాంటి ప్రింట్ల నుంచి తీసినవే. ముఖాలన్నీ ఎర్రగా కనపడితే అది కెమెరామన్ తప్పు కాదు, వేరే కాపీ వెతకండి. మా చిన్న ఊళ్ళకు వచ్చేసరికే ప్రింట్లు గీతలు పడి, ముక్కలు తెగి ఉండేవి. విశాఖలో ఆడి, విజయనగరం, శ్రీకాకుళం దాటి, పాలకొండకో టెక్కలికో రీళ్ళ బాక్సు చేరేసరికి ఒక పాటలో చరణమే ఉండేది కాదు. మీ నాన్నగారు చూసిన సినిమాలో లేని ఘట్టం ఇప్పుడు మీ కాపీలో ఉండవచ్చు. ఆయన ఎన్నడూ చూడలేదంటే నమ్మండి. ఫోను స్పీకరులో పాటలు వినకండి. ఆ శబ్దం ఒకే ట్రాకు మీద ఉన్నా, మంచి ఇయర్‌ఫోన్లలో వీణ, మృదంగం విడివిడిగా తెలుస్తాయి. విరామం వచ్చిన చోట నిజంగానే ఆపి లేచి తిరగండి, రచయితలు ఆ విరామాన్ని లెక్కలో పెట్టుకునే కథ కట్టారు.

మొదటి మూడూ అయ్యాక 'సితార', 'గీతాంజలి', 'సాగర సంగమం', 'రుద్రవీణ', 'కళ్ళు' ఈ వరుసలో వెళ్ళండి. ఆ తర్వాత 'మేఘసందేశం', చివర 'శంకరాభరణం'. వారానికి ఒకటి చాలు, ఒకేసారి రెండు వద్దు. 'ఆకలి రాజ్యం' ఎక్కడైనా నచ్చకపోతే ఏ ఘట్టంలో నచ్చలేదో ఇక్కడే రాయండి, దాని మీద మాట్లాడుకుందాం.